షార్ట్‌వేవ్ వారం ఎలా ఖాళీ అయింది: అసలు తిరకాసు 2001 జూలైలో ఉంది

షెడ్యూళ్ళు మారినప్పుడల్లా, దేశాలు దాటి వినపడే షార్ట్‌వేవ్ రేడియోని మూసెయ్యొచ్చా అన్న గొడవ లేస్తుంది. షార్ట్‌వేవ్ స్టేషన్లు ఏడాదికి రెండుసార్లు, మార్చి ఆఖరి ఆదివారం ఒకసారి, అక్టోబర్ ఆఖరి ఆదివారం ఒకసారి టైములూ ఫ్రీక్వెన్సీలూ మార్చుకుంటాయి. ఆ కొత్త లిస్టు రాగానే ఇక్కడ బెంగళూరులో రేడియో పిచ్చి ఇంకా వదలని నాలుగు తెలుగు ఇళ్ళల్లో, యూటీసీకి, అంటే లోకమంతా లెక్కకి వాడే టైముకి, ఐదున్నర గంటలు కలుపుకుంటూ, సోమవారం నుంచి ఆదివారం దాకా ఏ రాత్రి ఏం దొరుకుతుందో కాగితం మీద గళ్ళు గీసుకోవడం అలవాటు. ఈమధ్య ఎవరు గీసినా సగం గళ్ళు ఖాళీగానే ఉంటున్నాయి. ఇంకేముంది, పాత వాదనే మళ్ళీ. వినేవాళ్ళే లేనప్పుడు నడపడం ఎందుకండీ అని ఒకళ్ళు, మీరు తీసేశాక వినేవాళ్ళు ఎక్కణ్ణుంచి ఊడిపడతారండీ అని ఇంకొకళ్ళు. దానికి తోడు 2025 మార్చిలో అమెరికా సర్కారు రేడియో వాయిస్ ఆఫ్ అమెరికా గొంతు అధ్యక్షుడి ఒక్క సంతకంతో ఆగిపోవడం, ఆ వ్యవహారం కోర్టులకెక్కడం.

ఎడిటర్ గారు రేపటికల్లా నేపథ్యం కావాలన్నారు, కాబట్టి మార్కోనీ దగ్గర్నుంచి మొదలెట్టే ఓపికా లేదు టైమూ లేదు. 1932లో బీబీసీ ఎంపైర్ సర్వీస్, 1939 అక్టోబర్ 1న పష్తో భాషతో మొదలైన ఆకాశవాణి విదేశీ ప్రసారాలు, ప్రపంచ యుద్ధం, ఆ తర్వాత అమెరికా రష్యాల మాటల యుద్ధం, ఇవన్నీ ఎక్కడైనా దొరుకుతాయి. నేరుగా 2001కి వెళ్దాం, ఎందుకంటే ఇప్పుడు ఎవరు ఏ స్టేషన్ మూసినా చెప్పే కారణం అప్పుడు తయారైందే.

2001 జూలై 1 నుంచి బీబీసీ వరల్డ్ సర్వీస్ ఉత్తర అమెరికాకీ, ఆస్ట్రేలియా న్యూజిలాండ్ వైపుకీ షార్ట్‌వేవ్ ఆపేసింది. అక్కడి ఎఫ్ఎమ్ స్టేషన్లు మా ప్రోగ్రాములు వేస్తున్నాయి, ఇంటర్నెట్ ఉంది, ఇంకా ఈ గరగరల మధ్య వినాల్సిన ఖర్మ ఎవరికీ లేదు, ఆ డబ్బు వేరేచోట వాడతాం అన్నారు. వినడానికి న్యాయంగానే ఉంది. శ్రోతలు మాత్రం ఊరుకోలేదు, కూడబలుక్కుని ఉద్యమం నడిపారు, ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు, పని జరగలేదు. సరిగ్గా రెండు నెలల పది రోజులకి సెప్టెంబర్ 11. ప్రపంచమంతా ఒకేసారి మీద పడేసరికి పెద్ద పెద్ద న్యూస్ సైట్లే తెరుచుకోకుండా మొరాయించాయి. అయినా నిర్ణయం మారలేదు.

నన్నడిగితే ఆ జూలైలో మూసిన ఫ్రీక్వెన్సీల కంటే, అక్కణ్ణుంచి మారిపోయిన ప్రశ్న పెద్దది. అంతకుముందు ఏ విదేశీ సర్వీస్ అయినా ముందు అడుక్కునేది "మన మాట అక్కడికి చేరుతుందా" అని. ఆ తర్వాత అందరూ అడగడం మొదలెట్టింది "వాళ్ళకి ఇంకో దారి ఉంది కదా" అని. ఆ ఇంకో దారికి తాళం ఎవరి దగ్గరుందో అడిగినవాళ్ళు తక్కువ. ఎఫ్ఎమ్ లైసెన్సు ఆ దేశపు సర్కారు చేతిలో ఉంటుంది, ఇంటర్నెట్ కూడా వాళ్ళు తలుచుకుంటే పూటలో బంద్. షార్ట్‌వేవ్ అలా కాదు, ఒక ఖండంలో వదిలితే పైన ఐనోస్ఫియర్ అనే గాలి పొరకి తగిలి ఇంకో ఖండంలో దిగుతుంది, మధ్యలో ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. జామింగ్ చెయ్యొచ్చు, అంటే అదే ఫ్రీక్వెన్సీలో గోల వదిలి వినపడకుండా చెయ్యొచ్చు, చేశారు కూడా, కానీ దానికీ బోలెడు ట్రాన్స్‌మిటర్లూ కరెంటూ కావాలి.

తర్వాత వరసగా అందరూ అదే పాఠం అప్పజెప్పారు. స్విస్ రేడియో 2004లో, జర్మనీ వాళ్ళ డాయిచ్ వెల్లె హిందీ రేడియో 2011లో, కెనడా, నెదర్లాండ్స్ 2012లో, రేడియో ఆస్ట్రేలియా 2017 జనవరి 31న. ఆస్ట్రేలియా వదిలేసిన ఫ్రీక్వెన్సీల్లో కొన్నింటి మీద చైనా రేడియో వినిపిస్తోందని ఏడాదిన్నర తిరిగేసరికి అక్కడి మీడియానే రాసింది.

ఇక మన దగ్గరికొస్తే, 2001 నాటి లెక్క ఇండియాకి మొదట్నుంచీ అతకదు. ఇక్కడ ప్రైవేటు ఎఫ్ఎమ్‌కి సొంత వార్తలు చదివే అనుమతే లేదు, 2019 నుంచి ఆకాశవాణి బులెటిన్ ఉన్నదున్నట్టు వేసుకోవచ్చు, అంతే. అంటే బీబీసీ హిందీ వార్తలకి ఇక్కడ ఎఫ్ఎమ్ దారి మూసే ఉంది. అయినా 2011 జనవరిలో లండన్ నుంచి హిందీ షార్ట్‌వేవ్ ఆపేస్తామని ప్రకటన వచ్చింది, ఆ పూటకి దాదాపు కోటి మంది వింటున్నారని వాళ్ళే ఒప్పుకున్న సర్వీస్ అది. మార్క్ టల్లీ, విక్రమ్ సేథ్, అరుంధతీ రాయ్ లాంటివాళ్ళు కలిసి సంతకాలు పెట్టి ఉత్తరం రాశారు, గొడవ పెద్దదయ్యాక మార్చిలో సాయంత్రం ఒక గంట మాత్రం ఉంచారు. ఆ గంటతోనే ఇంకో తొమ్మిదేళ్ళు దాకా లాక్కొచ్చారు.

2019 ఆగస్టు 5న కాశ్మీర్‌లో ఫోన్లూ ఇంటర్నెట్టూ ఆపేశారు. అప్పుడు బీబీసీ ఏం చేసిందంటే, హిందీ షార్ట్‌వేవ్ టైము అరగంట పెంచింది, ఉర్దూలో నీమ్‌రోజ్ అని రోజూ పావుగంట ప్రోగ్రాం కొత్తగా మొదలెట్టింది, అదీ షార్ట్‌వేవ్ మీదే. ఇంకో దారి ఉంది కదా అన్న నోటితోనే ఇంకో దారి లేదని ఒప్పుకున్నట్టు అయింది. సరే మారారు కాబోలు అనుకున్నాం. 2020 జనవరి 31న హిందీ రేడియో మొత్తానికే మూసేశారు, 1940 మే నుంచి నడుస్తున్నది. ఆ వారానికి కాశ్మీర్‌లో ఇంకా టూజీనే, అదీ సర్కారు ఓకే అన్న సైట్లు మాత్రమే. దీని మీద బీబీసీ చెప్పింది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నా: షార్ట్‌వేవ్ వినేవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు, జనం డిజిటల్ వైపూ టీవీ వైపూ వెళ్తున్నారు అని.

తగ్గిపోతున్నారన్నది అబద్ధం కాదు. కానీ ఎందుకు తగ్గారన్నది చూస్తే, ట్రాన్స్‌మిటర్ ఆగడానికి చాలా ముందే వారం ఆగిపోతుంది. రేడియో వినడం అంటే ఫలానా రోజు ఫలానా టైముకి ఫలానా గొంతు కోసం కూర్చోవడం. రేడియో సిలోన్‌లో బుధవారం రాత్రి 8 అంటే అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా, వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. అదే సిలోన్ నుంచి తెలుగు పాటలు వేసే మీనాక్షి పొన్నుదురై గొంతు మన పెద్దవాళ్ళకి ఇంట్లో మనిషి గొంతు కింద లెక్క. రేడియో నెదర్లాండ్స్‌లో హ్యాపీ స్టేషన్ 1928లో మొదలై, మధ్యలో యుద్ధానికి ఆగినా మళ్ళీ లేచి, ఆదివారాలకి అతుక్కుపోయింది, దాన్ని 1995లో తీసేశారు. రేడియో సంగతులు చెప్పే మీడియా నెట్‌వర్క్ 2000లో పోయింది. షార్ట్‌వేవ్ ఆపింది 2012లో. మధ్యలో పన్నెండేళ్ళు శ్రోతలు దేనికోసం కూర్చోవాలి? మన ఆకాశవాణి జనరల్ ఓవర్సీస్ సర్వీస్‌లోనూ సోమవారం వస్తే ఫెయిత్‌ఫుల్లీ యువర్స్ అని ఉత్తరాల ప్రోగ్రాం, వారం విడిచి వారం దూరపు స్టేషన్లు వెతికి పట్టే సరదా ఉన్నవాళ్ళ కోసం డీఎక్సర్స్ కార్నర్, మన ఉత్తరం చదువుతారేమో అని చెవి పెట్టుకుని కూర్చునేవాళ్ళు. చాలా స్టేషన్లు చేసిన పని ఒకటే, ముందు ఉత్తరాల ప్రోగ్రాం, తర్వాత సంగీతం, తర్వాత ఫీచర్లు తీసేసి, ఒకే అరగంట వార్తలు రోజంతా తిప్పి తిప్పి వేసి, అప్పుడు సర్వే చేసి చూశారా ఎవరూ వినట్లేదు అన్నారు. వంట మానేసిన హోటల్లో గిరాకీ లెక్కపెట్టడం లాంటిది ఇది.

మూసేవాళ్ళ వైపూ కొంత ఉంది. ఇక్కడ హిందూపురం పోయే దారిలో యెలహంక దగ్గర ఆకాశవాణి ట్రాన్స్‌మిటర్ కేంద్రం ఉంది, 1990లలో పెట్టినవి, ఒక్కోటి 500 కిలోవాట్లు, అలాంటివి ఆరు. యూరప్‌కీ ఆఫ్రికాకీ ఆగ్నేయాసియాకీ పంపడానికి కట్టారు. గాల్లోకి 500 కిలోవాట్లు వెళ్ళాలంటే కరెంటు లైను నుంచి అంతకంటే చాలా ఎక్కువే లాగాలి, బిల్లు మాటలతో పోదు. స్పేర్ పార్టులు, ఎకరాల కొద్దీ యాంటెన్నాల మెయింటెనెన్స్, తెలిసిన ఇంజినీర్లు రిటైర్ అవడం, అన్నీ నిజమే. పైగా సెట్లు దొరకవు. బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ దొరికే ఎస్పీ రోడ్‌లో షాపు షాపుకీ తిరిగి షార్ట్‌వేవ్ ఉన్న రేడియో కావాలంటే బ్లూటూత్ స్పీకర్ తీసి ముందు పెట్టి ఇందులో ఎఫ్ఎమ్ ఉంది సార్ అంటారు. సెట్టు ఉన్నా అపార్ట్‌మెంట్లలో గోల, ఎల్ఈడీ బల్బులు, ఛార్జర్లు, లిఫ్టు మోటారు, అందరి ఇన్వర్టర్లూ కలిసి స్టేషన్లు ఎక్కువగా ఉండే 31 మీటర్ల బ్యాండ్ మొత్తాన్ని ఊదేస్తాయి, బాల్కనీలో వైరు కడితే అసోసియేషన్ వాళ్ళొచ్చి ఇదేంటండీ అని. కరెంటు పోయి, జెనరేటర్ ఇంకా అందుకోని ఆ కాసేపట్లో ముల్లు తిప్పితే రొమేనియా రేడియో ఎంత స్పష్టంగా వస్తుందో విన్నవాళ్ళకి తెలుసు.

తెలుగు సంగతి ఇంకా విచిత్రం. ఒకప్పుడు రేడియో మాస్కో తెలుగులో మాట్లాడేది, ఆకాశవాణి విదేశీ సర్వీస్‌లో ఆగ్నేయాసియా కోసం తెలుగు ఉండేది, ఫిలిప్పీన్స్ నుంచి రేడియో వెరితాస్ తెలుగు 2018లో ఆ స్టేషన్ షార్ట్‌వేవ్ మానేసేదాకా వచ్చేది. బీబీసీ మాత్రం షార్ట్‌వేవ్ వెలిగినన్నాళ్ళూ తెలుగు జోలికి రాలేదు, 2017 అక్టోబర్ 2న బీబీసీ తెలుగు మొదలైంది, రేడియోలో కాదు, నెట్‌లో. అదే ఏడాది ఏప్రిల్ ఆఖర్లో బీబీసీ వాళ్ళ తమిళ రేడియో తమిళోసై ఆగిపోయింది, 1941 నుంచి ఉన్నది. అరవం వాళ్ళు పోగొట్టుకున్నామని బాధపడ్డారు, మనకి పోగొట్టుకోడానికే ఏమీ లేదు, అందుకే ఈ గొడవలో మన గొంతు పెద్దగా వినపడదు అని నా అనుమానం.

2022లో రష్యా ఉక్రెయిన్ మీద పడ్డాక బీబీసీ రోజుకి నాలుగు గంటలు 15735, 5875 కిలోహెర్ట్జ్ మీద షార్ట్‌వేవ్ మళ్ళీ మొదలెట్టింది. 2023లో సూడాన్ కోసం అరబిక్‌లో అదే పని. న్యూజిలాండ్ 2024లో పసిఫిక్ దీవుల కోసం కొత్త ట్రాన్స్‌మిటరే పెట్టుకుంది. అయితే అవసరం వచ్చినప్పుడు మళ్ళీ మొదలెడదాంలే అనుకోవడానికి యాంటెన్నాలు నిలబడి ఉండాలిగా. ఈక్వెడార్‌లో క్విటో దగ్గర హెచ్‌సీజేబీ స్టేషన్ టవర్లు కొత్త ఎయిర్‌పోర్ట్‌కి అడ్డమని దించేశారు, 2009లో అక్కడ ప్రసారం ఆగింది, మళ్ళీ నిలబెట్టేది లేదు.

వాయిస్ ఆఫ్ అమెరికా కథ కొంచెం వేరు, అక్కడ దెబ్బ రాజకీయంగా పడింది. కానీ దాన్ని సమర్థించేవాళ్ళ నోట వచ్చిన మాట చూడండి, ఈ రోజుల్లో రేడియో ఎవరు వింటున్నారు అనే. హిందీ రేడియోని వాయిస్ ఆఫ్ అమెరికా 2008లోనే తీసేసింది, అప్పుడూ అదే మాట. మన దగ్గర విదేశీ సర్వీసుల గురించి అడిగినా ఆకాశవాణి వాళ్ళ న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ ఉంది కదా అంటారు.

శ్రోతలు ఇప్పుడు అడుగుతున్నవి పెద్ద కోరికలేం కాదు. మూసేముందు ఎంతమంది వింటున్నారో లెక్క బయటపెట్టండి, ఆ లెక్క ప్రోగ్రాములు తీసేయకముందుదా తీసేశాకదా చెప్పండి, టవర్ల కింద స్థలం ఎవరికి పోతుందో కూడా అదే కాగితంలో రాయండి అని. ఇంతవరకు మూసినవాళ్ళలో ఈ మూడూ కలిపి ఒకచోట పెట్టింది నాకు కనపడలేదు.