యాభై శాతం సుంకం వెనుక: చిన్న మిత్రుల పెద్ద పలుకుబడి

భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టుపక్కల చెరువు గట్ల మీద 2025 ఆగస్టులో రెండు అంకెలు బాగా నలిగాయి. అమెరికాకు వెళ్లే మన రొయ్య మీద 50 శాతం సుంకం, ఈక్వెడార్ రొయ్య మీద 15 శాతం. యాంటీ డంపింగ్ (సరుకును మరీ చవగ్గా దించుతున్నారని వేసే సుంకం) వగైరాలు వేరే. ఎగుమతిదారులు కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధరలు తగ్గించారు. చెరువులో సరుకు మాత్రం ఎదుగుతూనే ఉంటుంది, సుంకం తేలేదాకా ఆగమంటే ఆగదు.

ఆ యాభైలో సగమే వాణిజ్యం లెక్క. ఆగస్టు 27 నుంచి అదనంగా పడిన 25 శాతానికి అమెరికా చెప్పిన కారణం, భారత్ రష్యా చమురు కొంటోందని. అంటే కోనసీమలోనో కొల్లేటి దిగువనో పెరిగిన వనామీ రొయ్య ధరలో అమెరికా విదేశాంగ విధానం కూడా ఒక పద్దయింది. మరి రష్యా నుంచి గ్యాస్ తెచ్చుకుంటున్న జపాన్ మీద ఇలాంటి వడ్డన ఎందుకు పడలేదు? జవాబు కావాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

పెద్దవాడి సేనను చిన్నవాడు తన పనికి తిప్పుకోవడం గోదావరి సీమకు కొత్త కాదు. 1758లో ఫ్రెంచివారితో చెడిన విజయనగరం రాజా ఆనంద గజపతి ఇంగ్లీషువారిని పిలిచాడు. బెంగాల్ నుంచి ఈస్టిండియా కంపెనీ అధికారి క్లైవ్, కర్నల్ ఫోర్డ్‌ను పంపాడు. ఆ డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తిలో ఫ్రెంచి సేన ఓడింది. సైన్యం ఖర్చు ఇచ్చే దగ్గర మాత్రం రాజా తాత్సారం చేశాడు. అయితే అది ఒక రాజుకూ ఒక కంపెనీకీ మధ్య సాగిన బేరం. ఎవరి వెనకా ఓటర్లు లేరు. రెండు వైపులా ఎన్నికైన ప్రభుత్వాలున్నప్పుడు చిన్న మిత్రుడికి ఇంకో రెండు దారులు తెరుచుకుంటాయి. పెద్ద దేశపు చట్టసభతో, పత్రికలతో నేరుగా మాట్లాడవచ్చు. "మా పార్లమెంటు ఒప్పుకోదు" అని చెప్పి తన చేతులు కట్టేసి ఉన్నాయన్నదాన్నే బలంగా వాడుకోవచ్చు.

కొరియా యుద్ధంలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. 1950 అక్టోబరు మొదటివారంలో ఒక అర్ధరాత్రి చైనా ప్రధాని చౌ ఎన్‌లై, పీకింగ్ (నేటి బీజింగ్)లోని భారత రాయబారి కె.ఎం. పణిక్కర్‌ను పిలిపించుకున్నాడు. అమెరికా సేనలు రెండు కొరియాల సరిహద్దయిన 38వ అక్షాంశం దాటి ఉత్తరానికి వస్తే చైనా యుద్ధంలోకి దిగుతుందని చెప్పాడు. ఆ మాట ఢిల్లీ మీదుగా వాషింగ్టన్ చేరింది. వాళ్లు దాన్ని ఉత్త బెదిరింపుగా కొట్టిపారేశారు, పణిక్కర్‌ను చైనా పక్షపాతి కింద జమకట్టారు. నవంబరు ఆఖరుకు చైనా సేనలు అమెరికన్లను దక్షిణానికి తరుముతున్నాయి. నిజం చెప్పింది మనమే, కానీ మన నోటి నుంచి వచ్చినందుకే అది చెల్లలేదు.

అదే నవంబరు 30న అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ విలేకరుల ముందు అణుబాంబు వాడకం కూడా పరిశీలనలో ఉందన్నట్టు మాట్లాడాడు. లండన్‌లో అధికారపక్షం ఎంపీలే కలవరపడి ప్రధాని ఆట్లీకి లేఖ రాశారు. ఆట్లీ రోజుల్లోనే విమానమెక్కి వాషింగ్టన్‌లో దిగాడు. బాంబు వాడే అవసరం ఎన్నడూ రాకూడదన్నదే తన ఆశ అనీ, పరిస్థితి మారితే బ్రిటన్‌కు తెలియజేస్తాననీ డిసెంబరు 8 ఉమ్మడి ప్రకటనలో ట్రూమన్‌తో అనిపించాడు. గట్టి హామీ కాదు. అయినా ఆ తలుపు పణిక్కర్ సందేశానికి తెరుచుకోలేదు, ఆట్లీకి తెరుచుకుంది.

1952లో మన మాట ఇంకో దారిన వెళ్లింది. యుద్ధఖైదీలను ఎలా వెనక్కి పంపాలన్న చిక్కు మీద వి.కె. కృష్ణ మీనన్ ఐక్యరాజ్యసమితిలో ఒక తీర్మానం తయారు చేశాడు. అమెరికా విదేశాంగ మంత్రి అచెసన్‌కు అది ససేమిరా గిట్టలేదు. బ్రిటన్, కెనడా విదేశాంగ మంత్రులు ఈడెన్, పియర్సన్ మీనన్ వెనక నిలబడ్డారు. సొంత మిత్రులే అటు చేరడంతో, కొన్ని సవరణల తర్వాత, అమెరికా కూడా ఆ డిసెంబరులో అనుకూలంగా ఓటేసింది. ఆలోచన మనది, దాన్ని మోసింది వాళ్ల మిత్రులు. మీనన్ ఐరాస ప్రసంగాల గురించి మనవాళ్లు చాలా చెప్పుకుంటారు గానీ ఈ మోత గురించి ఎవరూ చెప్పుకోరు.

బలహీనతే బలమైన ఘట్టమూ ఆ యుద్ధంలోనే ఉంది. సంధి ఖాయమవుతున్న వేళ, 1953 జూన్‌లో, దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీ దాదాపు 27,000 మంది ఖైదీలను ఎవరికీ చెప్పకుండా వదిలేశాడు. రీ ఎన్నికైనవాడే, పాలన మాత్రం నియంతృత్వానికి దగ్గర. వాషింగ్టన్ మండిపడింది, అయినా అతణ్ని వదులుకోలేకపోయింది. అక్టోబరు 1న రక్షణ ఒప్పందం అతని చేతికొచ్చింది. మిగిలిన ఖైదీలకు కాపలాగా వెళ్లిన భారత సైనికులను రీ తన నేల మీద కాలు పెట్టనివ్వలేదు. ఓడల నుంచి హెలికాప్టర్లలో వాళ్లను నిస్సైనిక మండలంలో దింపాల్సి వచ్చింది.

చేపలతో బతికే మన డెల్టా ఎక్కువగా తెలుసుకోవలసింది ఐస్‌లాండ్ కథ. నేటి రాజమహేంద్రవరం కంటే తక్కువ జనాభా, సైన్యం లేదు. 1975లో తన తీరం నుంచి 200 మైళ్లవరకూ చేపల మీద హక్కు తనదేనని ప్రకటించి, బ్రిటిష్ ట్రాలర్ల వలలు తెగ్గోసింది. కెఫ్లావిక్‌లో అమెరికా స్థావరం ఉంది, సోవియట్ జలాంతర్గాములను కనిపెట్టేది అక్కడినుంచే. అమెరికా, బ్రిటన్ కూడా ఉన్న సైనిక కూటమి నాటో నుంచి తప్పుకుంటామన్న ఐస్‌లాండ్ హెచ్చరికతో కూటమి అంతా కదిలింది, ఒత్తిడి లండన్ మీద పడింది. 1976 జూన్ 1న బ్రిటన్ ఒప్పుకుంది.

ప్రతిసారీ ఇలా జరగదు. 1956లో ఈజిప్టులోని సూయెజ్ కాలువ మీదకు దండెత్తి వెళ్లిన బ్రిటన్‌కు పౌండు పడిపోతున్నా అమెరికా అప్పు పుట్టనివ్వలేదు, సేనలు వెనక్కి రావాల్సి వచ్చింది.

భారత్ చిన్నదీ కాదు, ఒప్పందబద్ధ మిత్రదేశమూ కాదు. కనుక మనకు పనికొచ్చింది మొదటి దారే, చట్టసభ దారి. 2005 జులైలో మొదలై 2008 అక్టోబరులో సంతకాలైన పౌర అణు ఒప్పందం కోసం అమెరికాలోని భారతీయులు తమ తమ చట్టసభ సభ్యులకు లేఖలు రాశారు, కలిశారు, విరాళాలిచ్చారు. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు డెల్టాలో ఎన్నో ఊళ్లలో కనిపిస్తాయి. ఆ పలుకుబడిలో మన జిల్లాల వాటా తక్కువేమీ కాదు.

ఇక జపాన్. 2022 డిసెంబరులో జీ-7 దేశాలు (అమెరికా, జపాన్ సహా ఏడు సంపన్న దేశాల బృందం) రష్యా చమురుకు బ్యారెల్‌కు 60 డాలర్ల పరిమితి పెట్టినప్పుడు, జపాన్‌కు వెళ్లే సఖాలిన్-2 (రష్యాలోని చమురు, గ్యాస్ ప్రాజెక్టు) చమురును ప్రత్యేకంగా మినహాయించారు. నిబంధన రాసే బల్ల దగ్గర టోక్యో కూర్చుని ఉంది, ఢిల్లీ లేదు. అలాగని మిత్రులకు అంతా ఉచితమనుకోనక్కర్లేదు. 15 శాతం సుంకానికి 2025లో జపాన్ 550 బిలియన్ డాలర్ల పెట్టుబడికి మాటివ్వాల్సి వచ్చింది. ఈక్వెడార్ జపాన్ అంతటి దగ్గరి మిత్రదేశం కాదు, అయినా 15తో బయటపడింది. కాబట్టి మైత్రి ఒక్కటే అన్నిటికీ జవాబు కాదు.

రొయ్య విషయంలో అమెరికా చట్టసభలో గట్టిగా వినిపించే గొంతు లూసియానా, టెక్సస్ తీరాల్లో వేటాడేవాళ్లది. 2005లో మన రొయ్య మీద యాంటీ డంపింగ్ సుంకం వచ్చింది కూడా అక్కడివాళ్ల ఫిర్యాదుతోనే. వాళ్లకు ఓట్లున్నాయి. అణు ఒప్పందం నాడు లేఖలు రాసిన మన ప్రవాసులు రొయ్య కోసం ఆ స్థాయిలో కదిలిన దాఖలా ఇప్పటిదాకా కనబడలేదు.