పిల్లల బొడ్డు హెర్నియా: ముందు ఆ నాణెం తీసేయండి

అపోహ: ఉబ్బిన బొడ్డు మీద నాణెం పెట్టి గట్టిగా కట్టు కడితే బొడ్డు లోపలికి పోతుంది.

పోదు. బొడ్డుతాడు ఊడాక, దాని రక్తనాళాలు వెళ్లిన రంధ్రం చుట్టూ ఉన్న గట్టి పొర దగ్గరపడి మూసుకోవాలి. కొందరు పిల్లల్లో, ముఖ్యంగా నెలలు నిండకుండా పుట్టినవాళ్లలో, అది ఆలస్యమవుతుంది. ఆ సందులోంచి పేగో కొవ్వో చర్మం కిందికి తోసుకొస్తుంది. ఇదే బొడ్డు హెర్నియా. కడుపు గోడ ఎదిగే కొద్దీ రంధ్రం మూసుకుంటుంది తప్ప పైనుంచి నొక్కితే కాదు. పెద్ద నాణెం చర్మం మీదే ఉండిపోతుంది. దూది ఉండలాంటి చిన్నదైతే సందులోకి దిగి అంచులు కలవనివ్వదు. "మా బిడ్డకు కట్టాం, తగ్గింది" అనేవాళ్లు అబద్ధమాడటం లేదు. కట్టకపోయినా తగ్గేది! ఎక్కువమందిలో నాలుగైదేళ్లకల్లా దానంతటదే మూసుకుంటుంది.

నష్టం మాత్రం కచ్చితంగా ఉంది. కట్టు కింద చెమట నిలిచి చర్మం నానుతుంది, ఒరుస్తుంది, పుండవుతుంది. బొడ్డు ఇంకా మానని పసికందుకైతే ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకవచ్చు. పసివాళ్లు ఊపిరి తీసేది పొట్టతో కాబట్టి బిగుతు పట్టీ ఆయాసం తెస్తుంది, తాగిన పాలు కక్కిస్తుంది. వదులైతే నాణెం నోట్లోకి వెళ్లొచ్చు. ఇప్పటికే కట్టి ఉంటే ఈరోజే విప్పండి. బొడ్డును కడిగి, మెత్తటి బట్టతో అద్ది ఆరనివ్వండి. ఎరుపు, చీము, దుర్వాసన ఉంటే డాక్టర్‌కు చూపించండి.

అపోహ: ఏడవనిచ్చినందుకే వచ్చింది.

ఏడుపుకి ఉబ్బు కనబడుతుంది, పుట్టదు. ఇందులో తల్లి తప్పు ఏమీ లేదు.

అపోహ: ఉబ్బు పెద్దదైతే వెంటనే ఆపరేషన్.

చూడాల్సింది ఉబ్బును కాదు, బిడ్డ నిమ్మళంగా పడుకున్నప్పుడు వేలికి తగిలే రంధ్రాన్ని. 1 సెం.మీ. లోపుంటే దాదాపు ఎప్పుడూ మూసుకుంటుంది. 1.5 - 2 సెం.మీ. దాటితే ఆ అవకాశం తగ్గుతుంది. అయినా సర్జన్లం సాధారణంగా నాలుగైదేళ్ల దాకా ఆగుతాం.

అపోహ: హెర్నియా ఏదైనా ఆగి చూడొచ్చు.

కాదు. గజ్జలోనో వృషణాల సంచిలోనో వచ్చే హెర్నియా దానంతటది పోదు. తెలిసిన వెంటనే సర్జన్‌ను కలవాలి. మొదటి ఏడాదిలో పేగు ఇరుక్కునే ప్రమాదం ఎక్కువ. బొడ్డు దగ్గర అది అరుదే. కానీ ఎక్కడైనా సరే ఉబ్బు గట్టిపడి లోపలికి పోకపోయినా, రంగు మారినా, ముట్టుకుంటే బిడ్డ ఏడ్చినా, ఆకుపచ్చటి వాంతులైనా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లండి. బలవంతంగా నొక్కకండి, ఏమీ తాగించకండి.

అపోహ: ఆపరేషన్ అంటే జాలీ వేస్తారు, చాలా రోజులు పడుకోవాలి.

పిల్లలకు మామూలుగా ఆ జాలీ (మెష్) అవసరం లేదు. పూర్తి మత్తులో, బొడ్డు కింద చిన్న వంపు కోతతో హెర్నియా సంచిని విడదీసి, పొర అంచులను కరిగిపోయే కుట్లతో కలుపుతాం. బొడ్డు చర్మాన్ని లోపలికి కుట్టి ఆకారం తెస్తాం. ఇతర జబ్బులు లేని పిల్లలు చాలావరకు అదే రోజు ఇంటికెళతారు. మత్తుకు ముందు ఘనాహారం, డబ్బా పాలు 6 గంటలు, తల్లిపాలు 4 గంటలు ఆపాలి. ఆకలికి ఏడుస్తున్నాడని చాటుగా పాలు పట్టకండి, మత్తులో అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్లొచ్చు. తర్వాతి నొప్పికి పారాసెటమాల్ చాలు, ఒక్కో మోతాదుకు బిడ్డ బరువు కిలోకు 15 మి.గ్రా. చొప్పున, డాక్టర్ చెప్పిన వేళలకు. కొన్ని వారాలు బొడ్డు కింద గట్టిగా, కాస్త ఉబ్బుగా తగులుతుంది. అది మానే వాపు, హెర్నియా తిరిగి రావడం కాదు.