ఎగరకుండా వదిలేసిన ఎత్తు

2016 ఆగస్టు 15 రాత్రి, రియో ఒలింపిక్స్. పొడవాటి కర్ర (పోల్) ఊతంతో అడ్డంగా ఉన్న బార్ మీదుగా ఎగిరే ఆట పోల్‌వాల్ట్. వానతో ఆలస్యమైన పురుషుల పోల్‌వాల్ట్ ఫైనల్ అర్ధరాత్రికి చేరువవుతోంది. బరిలో ఇద్దరే మిగిలారు. ఒకరు ఫ్రాన్స్‌కు చెందిన రెనో లావిలెనీ. లండన్ ఒలింపిక్స్ స్వర్ణం అతనిదే, అప్పటి 6.16 మీటర్ల ప్రపంచ రికార్డూ అతనిదే. రెండోవాడు ఆతిథ్య బ్రెజిల్ కుర్రాడు టియాగో బ్రాజ్. అప్పటిదాకా అతని అత్యుత్తమం 5.93. ఆ రాత్రి కూడా అదే 5.93 దాటేసి నిలబడ్డాడు. లావిలెనీ 5.98ని మొదటి జంప్‌లోనే దాటి ఒలింపిక్ రికార్డు పెట్టేశాడు. బ్రాజ్ ఆ 5.98 జోలికే పోలేదు. ‘పాస్’ చెప్పి, 6.03 కోసం కాచుక్కూర్చున్నాడు.

జీవితంలో 5.93 మించి ఎగరనివాడు మధ్యలో ఒక మెట్టు వదిలేసి పై మెట్టు అడిగితే, చూసేవాళ్లకి అది తెగింపే. నాకైతే అంత జాగ్రత్తగా లెక్కేసి తీసుకున్న నిర్ణయం ఆ రాత్రి ఇంకోటి లేదనిపిస్తుంది.

పోల్‌వాల్ట్‌లో వరుసగా మూడుసార్లు తప్పితే ఇంటికే. ఆ మూడూ ఒకే ఎత్తు మీద కానక్కర్లేదు. ఏ ఎత్తునైనా వదిలేసి పైదానికి వెళ్లొచ్చు, కానీ అప్పటికే చేసిన తప్పులు వెంట వస్తాయి. ఇద్దరు ఒకే ఎత్తు దగ్గర ఆగిపోతే, ఆ ఎత్తును తక్కువ ప్రయత్నాల్లో దాటినవాడు పైన. అక్కడా సమానమైతే, పోటీ మొదటినుంచి అప్పటిదాకా ఎవరు తక్కువ తప్పారో చూస్తారు. స్కోరు షీటులో దాటితే సున్నా, తప్పితే ఇంటూ మార్కు, పాస్ అంటే చిన్న గీత. 2000 సిడ్నీ ఫైనల్లో నలుగురు సరిగ్గా 5.90 దాటారు. అమెరికాకు చెందిన నిక్ హైసాంగ్‌కి స్వర్ణం, జర్మనీకి చెందిన మిఖాయెల్ ష్టోలెకి నాలుగో స్థానం. తేడా సెంటీమీటర్లలో లేదు, ఇంటూ మార్కుల్లో ఉంది.

ఇప్పుడు బ్రాజ్ స్థానంలో కూర్చుని చూడండి. లావిలెనీ వరుసలో అప్పటిదాకా ఒక్క ఇంటూ లేదు. బ్రాజ్ వరుసలో ఉన్నాయి. అంటే 5.98ని మొదటి జంప్‌లోనే దాటినా అతను వెనకే. రజతం ఎటూ ఖాయమైపోయింది, ఎందుకంటే మూడోవాడు సామ్ కెండ్రిక్స్ 5.85తో ఆగిపోయాడు. గెలిచినా పైకి తీసుకెళ్లని ఎత్తు మీద ఒంట్లో ఓపిక ఎందుకు తగలెయ్యాలి?

ఆ ఓపిక విలువెంతో కాగితం మీద కట్టొచ్చు. పరుగులోని వేగమే పోల్ వంగడంలోకి, అక్కణ్నుంచి ఎత్తులోకి మారుతుంది. సెకనుకు 9.5 మీటర్ల వేగం ఏమాత్రం వృథా కాకుండా ఎత్తుగా మారితే సుమారు 4.6 మీటర్లు వస్తుంది. మనిషి గరిమనాభి, అంటే ఒంటి బరువంతా ఒకచోట ఉన్నట్టు లెక్కించే బిందువు, నేల నుంచి ముందే ఒక మీటరు ఎత్తులో ఉంటుంది, దానికి చేతుల బలం తోడవుతుంది. మరి వేగం 9.4కి పడిపోతే? దాదాపు పది సెంటీమీటర్లు పోయినట్టే. రియోలో ఆ దశలో బార్ ఒక్కో మెట్టుకి లేచింది ఐదు సెంటీమీటర్లు. కాళ్లలో కాస్త అలసట చేరితే రెండు మెట్లు గల్లంతు.

అందుకే ఎక్కడ మొదలుపెట్టాలన్నది పోటీకి ముందే తేల్చుకోవాల్సిన పెద్ద ప్రశ్న. కిందనుంచి మొదలుపెడితే ఒళ్లు వేడెక్కుతుంది, దాటిన ఎత్తు ఒకటి చేతిలో పడుతుంది, కానీ జంప్‌లు ఖర్చవుతాయి. పైనుంచి మొదలుపెడితే మిగతావాళ్లు ఎగురుతుంటే గంటసేపు కూర్చోవాలి, కండరాలు చల్లబడతాయి. పైగా టెన్షన్. 1992 బార్సిలోనాలో ప్రపంచ రికార్డు వీరుడు సెర్గీ బుబ్కా 5.70 దగ్గర దిగాడు. రెండుసార్లు తప్పాడు. మూడోది దాచుకుని 5.75కి వెళ్లాడు, అదీ తప్పింది. రెంటికీ చెడ్డ రేవడి. అంతటివాడి పేరు పక్కన ఆ రోజు ఒక్క ఎత్తూ లేదు.

పోల్‌లూ ప్లాన్‌లో భాగమే. ఒక్కొక్కరు మెత్తని దాన్నుంచి గట్టిదాని దాకా కొన్ని పోల్‌లు తెచ్చుకుంటారు. వేగానికి మించి గట్టిదైతే అది నిలువుగా లేవదు, మనిషిని వెనక్కి రన్‌వే మీదికే తోసేస్తుంది. మరీ మెత్తనిదైతే అతిగా వంగిపోయి బార్ మీదికి నెట్టేస్తుంది. ఎదురుగాలి వీస్తే మెత్తనిది తీసి పట్టు కాస్త కిందికి దించాలి, వెనకగాలి తోస్తే గట్టిది తీయాలి. బార్ నిలబెట్టే స్తంభాల్ని కూడా పరుపు వైపు 80 సెంటీమీటర్ల దాకా జరిపించుకోవచ్చు. ఇన్ని మారుతుంటే, ఏ ఎత్తుకి ఏ పోల్ అన్నది ముందే రాసిపెట్టుకోకపోతే కుదరదు. 2008 బీజింగ్ ఫైనల్లో బ్రెజిల్‌కే చెందిన ఫబియానా మ్యూరర్ పోల్ ఒకటి కనపడకుండా పోయింది. ఆమె వెతుక్కుంటూ, అధికారులతో వాదిస్తూ ఉండిపోయింది. ఆ రోజు పతకం రాలేదు.

మళ్లీ రియోకి. బ్రాజ్ 6.03ని రెండో ప్రయత్నంలో దాటాడు, స్టేడియం ఊగిపోయింది. లావిలెనీకి అదే ఎత్తు మీద రెండు ఇంటూలు పడ్డాయి. మూడోసారి దాటినా స్వర్ణం రాదు, బ్రాజ్ రెండో జంప్‌లోనే దాటాడు కదా. ముందు రెండు దారులే. నేరుగా 6.08కి వెళ్లి మిగిలిన ఒక్క జంప్ అక్కడ వాడటం, లేదా 6.03 దాటి 6.08 మీద మూడు కొత్త ప్రయత్నాలు తెచ్చుకోవడం. ఊరికే అంకెలు వేద్దాం. 6.08 దాటే అవకాశం 20 శాతం, 6.03కి 40 శాతం అనుకోండి. మొదటి దారిలో 20. రెండో దారిలో, మూడు ప్రయత్నాల్లో ఒకటైనా కుదిరే అవకాశం 49 శాతం. కానీ ముందు 6.03 దాటాలి, కాబట్టి 40లో 49 శాతం, అంటే 19.5. రెండూ ఇంచుమించు ఒకటే! అలసట కూడా కలిపితే మొదటి దారే మేలు.

అతను పాస్ చెప్పాడు. జనం ఈలలు వేసి గేలి చేస్తుండగా పరిగెత్తాడు, బార్ పడిపోయింది. షీటులో లావిలెనీ వరుస చివర 6.03 కింద రెండు ఇంటూలు, ఒక గీత, 6.08 కింద ఒక ఇంటూ.