కోసినా మళ్లీ మొలిచే మెడగడ్డ

పర్లాకిమిడి నుంచి ఒక తల్లి అడిగారు: "బాబుకి గొంతు మధ్యలో గడ్డ కోయించాం. ఏడాది తిరక్కుండానే అక్కడే చీము కారుతోంది. ఎందుకని?"

తిత్తి పోయింది, అది వచ్చిన దారి మిగిలింది.

థైరాయిడ్ మొలకెత్తేది నాలుక మొదట్లో, గర్భం 4వ వారంలో. 7వ వారానికి మెడలోకి దిగుతుంది. దిగిన దారి సన్నటి గొట్టంగా ఉండి, ఆనక మూసుకుపోవాలి. మూసుకోనిచోట జిగురు ఊరి తిత్తి కడుతుంది. దీన్నే థైరోగ్లాసల్ తిత్తి అంటారు. నాలుక చాపితే గడ్డ పైకి కదిలేది అందుకే.

చిక్కంతా హయాయిడ్ ఎముక దగ్గర. గడ్డం కింద, స్వరపేటిక పైన ఉండే ఈ ఎముకకు గొట్టం అతుక్కునే ఉంటుంది, ఒక్కోసారి లోపలికే దూరుతుంది. పొలంలో తుంగ పీకినవాళ్లకు ఇది తెలిసిన గోలే: ఆకు చేతికొస్తుంది, గడ్డ మట్టిలో ఉంటుంది. గడ్డ తవ్వినా, పక్కకు పాకిన వేరు ఇంకో మొలక వేస్తుంది. ఎముకకు పైన ఈ గొట్టమూ కంటికి ఆనని పాయలుగా చీలుతుంది. పాయల్ని ఏరడం అయ్యే పని కాదు, చుట్టూ మట్టితో సహా పెళ్లగించాల్సిందే.

మేయో క్లినిక్ సర్జన్ వాల్టర్ సిస్ట్రంక్ 1920లో చెప్పిన పద్ధతి ఇదే. మెడ ముడతలో అడ్డగాటు పెట్టి, తిత్తి పగలకుండా విడదీసి, హయాయిడ్ మధ్య ముక్కను కత్తిరించి, అక్కణ్ణుంచి నాలుక మొదలు దాకా గొట్టం చుట్టూ ఉన్న కండను కూడా కలిపి తీస్తారు. ఆ ముక్క లేకపోయినా పిల్లలు మామూలుగానే మింగుతారు, మాట్లాడతారు. ఉత్త తిత్తి తీస్తే దాదాపు సగం తిరగబెడతాయి. ఇలా తీస్తే ఇంచుమించు 5 శాతమే. మొదటి ఆపరేషన్ కాగితాల్లో హయాయిడ్ మాట ఉందో లేదో ఆ తల్లి ముందు చూడాలి.

కోసేముందు అల్ట్రాసౌండ్ తప్పనిసరి. అరుదుగా ఆ గడ్డే బిడ్డకున్న ఒకే ఒక్క థైరాయిడ్. తీసేశాక ఇక జన్మంతా మాత్రలే.

చీము పట్టి ఉంటే ముందు యాంటీబయాటిక్, ఆపైన కొన్ని వారాల ఆగుడు. వాపులో పొరలు విడివడవు. కంఠమాల అని పసరు కట్టడం, వాత పెట్టడం మాత్రం వద్దు! గడ్డ పగిలి ఫిస్టులా (మానకుండా కారే రంధ్రం) అవుతుంది, మచ్చ వల్ల రెండో ఆపరేషన్ కష్టమవుతుంది.

మెడ పక్కన, చెవి వెనక నుంచి ఛాతీ దాకా దిగే కండరం ముందంచున చుక్కంత రంధ్రం ఉండి జిగురు ఊరుతుంటే అది వేరే జబ్బు, బ్రాంకియల్ ఫిస్టులా. ఆ దారి, తలకు రక్తం మోసే కెరోటిడ్ ధమని ఆ పక్కనే రెండుగా చీలిన కొమ్మల మధ్య నుంచి టాన్సిల్ దాకా పోతుంది. పిల్ల పొడుగైతే ఒక్క గాటు అందదు, పైన మెట్టుగా రెండోది పెడతారు. నాలుకను కదిపే నరం ఆ దారిని ఆనుకునే ఉంటుంది. తెగితే నాలుక ఒక పక్కకు వాలిపోతుంది. బరంపురం వెళ్లినా విశాఖ వెళ్లినా పిల్లల సర్జన్‌కే చూపించండి.