లెక్క కుదరని గదులు

హారర్ సినిమాలో దెయ్యం కనిపించేది కాసేపే. మిగతా సమయమంతా మనల్ని భయపెట్టేది ఇల్లు. పాత బంగళా, సాలెగూళ్ళు, కిర్రుమనే తలుపులు పైపై అలంకారాలే. అసలు భయమంతా ఆ ఇల్లు మనకు అంతుచిక్కకపోవడంలో ఉందని నా అభిప్రాయం.

కొత్త చోట అడుగుపెట్టగానే మెదడు చడీచప్పుడు లేకుండా దాని పటం గీసుకోవడం మొదలుపెడుతుంది. ఎలుక ఒక ప్రత్యేకమైన చోటికి చేరినప్పుడే చురుకయ్యే కణాలు దాని హిప్పోక్యాంపస్‌లో (మెదడులో జ్ఞాపకాలనూ దారులనూ చూసుకునే భాగంలో) ఉన్నాయని నాడీ శాస్త్రవేత్త జాన్ ఓకీఫ్ 1971లో చూపించాడు. దూరాలనూ దిశలనూ కొలిచే గ్రిడ్ కణాలను మే-బ్రిట్ మోజర్, ఎడ్వర్డ్ మోజర్‌ల బృందం 2005లో కనిపెట్టింది. ఈ ముగ్గురికీ 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. మనుషుల మెదడులోనూ ఇలాంటి కణాలున్నాయి. ఎటు నుంచి వచ్చాం, ఎటు పారిపోవచ్చు అనే లెక్క మనం అడగకపోయినా లోపల నడుస్తూనే ఉంటుంది. మంచి హారర్ దర్శకుడు సరిగ్గా ఆ లెక్కనే చెడగొడతాడు.

స్టాన్లీ కుబ్రిక్ 1980లో తీసిన ‘ది షైనింగ్’ చూడండి. అందులోని హోటల్ చీకటి కొంప కాదు, ఎక్కడ చూసినా దీపాల వెలుగే. మేనేజర్ కుర్చీ వెనక పెద్ద కిటికీ, దాంట్లోంచి పగటి వెలుగు. కానీ ఆ గదికి వెళ్ళే దారిని జాగ్రత్తగా గమనిస్తే, దాని వెనక ఉండాల్సింది ఆరుబయలు కాదు, మరో నడవా. అంటే ఆ కిటికీ అక్కడ ఉండటానికే వీల్లేదు. సినిమా చూస్తున్నప్పుడు ఈ సంగతి ఎవరికీ తట్టదు. అయినా ఏదో తేడాగా ఉందన్న ఇబ్బంది మాత్రం వదలదు. అదే సినిమాలో చిన్నపిల్లవాడు మూడు చక్రాల సైకిల్ మీద నడవాల్లో తిరుగుతుంటే కెమెరా దాదాపు నేలకు ఆనుకుని వెంటపడుతుంది. చక్రాలు చెక్క నేల మీద గరగరమంటాయి, తివాచీ మీదకు రాగానే చప్పుడు అణిగిపోతుంది, మళ్ళీ గరగర. ప్రతి మలుపు దగ్గరా మనకు టెన్షన్, ఎందుకంటే మలుపు అవతల ఏముందో ఆ పిల్లాడికీ తెలియదు, మనకూ తెలియదు.

ఈ మలుపుల భయానికి ఒక వివరణ ఉంది. మనం ఇతరులకు కనబడకుండా, చుట్టూ ఉన్నదంతా మనకు కనబడే చోటు మనిషికి హాయినిస్తుందని జే ఆపిల్టన్ అనే భూగోళ శాస్త్రవేత్త 1975లో ప్రతిపాదించాడు. పొడవాటి నడవా దీన్ని పూర్తిగా తలకిందులు చేస్తుంది. దాక్కోవడానికి చోటుండదు, రెండు కొసల నుంచీ మనం కనబడుతుంటాం, వరసగా మూసి ఉన్న తలుపుల వెనక ఏముందో మాత్రం మనకు కనబడదు.

గోడలను కదపకుండానే కెమెరాతో కూడా ఇంటిని వంకర చేయవచ్చు. 1963 నాటి ‘ది హాంటింగ్’ కోసం దర్శకుడు రాబర్ట్ వైజ్ ఇంకా పూర్తిగా సిద్ధంకాని ఒక వైడ్ యాంగిల్ లెన్స్‌ను పట్టుబట్టి తీసుకున్నాడు. దాని లోపం వల్ల సరళరేఖలు వంగి కనిపిస్తాయి. ఆయనకు కావలసింది ఆ లోపమే! ఆ సినిమాలో దెయ్యం అసలు కనబడదు. ఒక చెక్క తలుపు ఊపిరి పీల్చినట్టు లోపలికి ఉబ్బుతుంది, అంతే. అరవై ఏళ్ళు దాటినా ఆ తలుపుకు సాటివచ్చే గ్రాఫిక్స్ భూతం నాకు కనబడలేదు.

చెవికి వినబడనంత తక్కువ పౌనఃపున్యం ఉన్న ధ్వనే ‘దెయ్యాల ఇళ్ళ’కు కారణమన్న మాట కూడా బాగా ప్రచారంలో ఉంది. 1998లో విక్ టాండీ అనే ఇంజనీరు ఒక ప్రయోగశాలలో కలిగిన వింత అనుభవాలకు ఫ్యాన్ నుంచి వచ్చిన దాదాపు 19 హెర్ట్జ్ ధ్వనే కారణమని రాశాడు. తర్వాత లండన్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టఫర్ ఫ్రెంచ్ బృందం ఒక గదిని కట్టి, అలాంటి ధ్వనినీ విద్యుదయస్కాంత క్షేత్రాలనూ మారుస్తూ పరీక్షించి, 2009లో ఫలితాలు ప్రచురించింది. ఆ గదిలో వింత అనుభూతులు చాలామందికే కలిగాయి. కానీ ధ్వని ఉందా లేదా అన్నదానితో వాటికి సంబంధం కనబడలేదు. అక్కడ ఉన్నదల్లా ఏ ఆనవాళ్ళూ లేని ఖాళీ గది, మసక వెలుతురు, ఏదో వింతగా అనిపించవచ్చని ముందే చెప్పిన ఒక మాట.