స్పానింగ్ ట్రీ ఆపేస్తే నెట్ ఫాస్ట్ అవుతుందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

"అన్నా, స్పానింగ్ ట్రీ ఆపేశా, ప్రాబ్లం పోయింది."

ఈ మాట ఏడాదికి నాలుగైదు సార్లైనా వింటా, మొన్న మళ్ళీ విన్నా, అందుకే ఈ పోస్ట్. స్పానింగ్ ట్రీ (పొట్టిగా ఎస్టీపీ) అంటే, పీసీల్ని కలిపే నెట్‌వర్క్ స్విచ్‌ల మధ్య డేటా గిరగిరా తిరిగే లూప్ పడకుండా, ఎక్కువైన దారిని మూసి ఉంచే పద్ధతి. దాన్ని ఆపేశామని చెప్పేవాళ్ళు తెలివితక్కువవాళ్ళేం కాదు. వాళ్ళ కళ్ళముందు ప్రాబ్లం నిజంగానే పోతుంది, అందుకే ఈ అపోహ ఎన్నిసార్లు చెప్పినా చావట్లేదు.

జరిగేది ఇది. పొద్దున్నే ల్యాబ్‌లో సిస్టమ్స్ ఆన్ చేస్తారు, ఐపీ రాదు, 169.254తో మొదలయ్యే అడ్రస్ కనపడుతుంది, కాసేపాగి కేబుల్ పీకి పెడితే ఒక్కోసారి వస్తుంది ఒక్కోసారి రాదు. పాత ఎస్టీపీ (802.1డీ) పద్ధతిలో పోర్ట్ లేచాక 15 సెకన్లు లిజనింగ్ (లూప్ ఉందేమో వినడం), ఇంకో 15 సెకన్లు లెర్నింగ్ (ఎవరెక్కడున్నారో నేర్చుకోవడం), అంటే అరనిమిషం పాటు పీసీ పంపిన ఫ్రేమ్ (డేటా ముక్క) ఒక్కటి కూడా ముందుకి పోదు. ఈలోపు పీసీ ఐపీ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీని అడిగి అడిగి విసిగి ఏదో ఒక అడ్రస్ తనే పెట్టేసుకుంటుంది. ఎవరో వచ్చి ఎస్టీపీ ఆపేస్తారు, ఐపీ టక్కున వస్తుంది, ఇంక "దీనివల్లే స్లో" అని ఊరంతా పాకుతుంది.

అసలు సంగతేంటంటే ఎస్టీపీ మీ డేటాకి అడ్డం పడదు. స్విచ్‌లు 2 సెకన్లకోసారి బీపీడీయూ అనే చిన్న పలకరింపు ఫ్రేమ్ పంపుకుంటాయి, అంతే. పోర్ట్ ఫ్రేమ్‌లు ముందుకి పంపే స్థితికి వచ్చాక ఫైల్ కాపీ స్పీడ్‌కీ దానికీ సంబంధమే లేదు. ఆ అరనిమిషం బాధ పోవాలంటే పీసీలు తగిలే పోర్ట్‌లకి పోర్ట్‌ఫాస్ట్ (ఆ ఎదురుచూపు లేకుండా పోర్ట్ తెరిచే సెట్టింగ్), దాంతోపాటు బీపీడీయూ గార్డ్ (ఆ పోర్ట్‌లోకి బీపీడీయూ వస్తే పోర్ట్‌ని మూసేసే కాపలా) పెట్టండి. పోర్ట్‌కి రెండు లైన్ల పని. ఆ రెండు లైన్లకి బద్ధకించి తలుపే పీకేస్తే ఎట్లా?

ఆపేస్తే ఏమవుతుందో నేను చూశా. ఒక ఇంజనీరింగ్ కాలేజీ, ఆన్‌లైన్ ఎగ్జామ్ రోజు. ల్యాబ్ అసిస్టెంట్ కుర్రాడు టేబుల్ కింద వేలాడుతున్న కేబుల్ చూసి, కాళ్ళకి తగులుతుందని ఖాళీగా ఉన్న పోర్ట్‌లో గుచ్చాడు. దాని రెండో చివర అదే స్విచ్‌లో ఉంది. ఐపీ ప్యాకెట్‌కి టీటీఎల్ అనే ఆయుష్షు లెక్క ఉంటుంది, రౌటర్ దాటినప్పుడల్లా ఒకటి తగ్గి సున్నా అయితే చచ్చిపోతుంది, ఈథర్నెట్ ఫ్రేమ్‌కి అలాంటి చావు లేదు. ఒక్క ఏఆర్పీ బ్రాడ్‌కాస్ట్ (ఫలానా ఐపీ ఎవరిదని అందరినీ అడిగే కేక) లూప్‌లో పడిందంటే తిరుగుతూనే ఉంటుంది, ప్రతి చుట్టుకీ మిగతా పోర్ట్‌లన్నిటికీ కాపీ వదుల్తూ. నేను వెళ్ళేసరికి మూడు బ్లాకుల్లో స్విచ్ లైట్లన్నీ పెళ్ళిపందిరి సీరియల్ బల్బుల్లా ఒకేసారి కొట్టుకుంటున్నాయి. దూరం నుంచి స్విచ్‌లోకి వెళ్ళే ఎస్‌ఎస్‌హెచ్ లేదు, స్విచ్‌కి నేరుగా కన్సోల్ కేబుల్ పెడితే నొక్కిన అక్షరం ఎప్పటికో స్క్రీన్ మీదకొస్తోంది. చివరికి స్విచ్‌ల్ని కలిపే అప్‌లింక్‌లు ఒక్కోటి పీకుతూ పట్టుకున్నాం, నలభై నిమిషాలు పట్టింది.

ఆ కుర్రాడు మూల నిలబడి ఏడుస్తున్నాడు, ఉద్యోగం పోయిందనే అనుకున్నాడు పాపం. కేబుల్ తప్పు పెట్టడం మనిషన్నాక జరుగుతుంది, దాన్ని తట్టుకోడానికే కదా ఎస్టీపీ ఉంది, మూడు నెలల కింద దాన్ని ఆపేసినవాడిది తప్పు అని ప్రిన్సిపాల్ గారికి చెప్పా. ఆ ఆపేసినవాడు నా దగ్గర పని నేర్చుకున్నవాడే అని తర్వాత తెలిసింది, ఆ ముక్క మాత్రం ఆయనకి చెప్పలేదు.

మిగతావి గబగబా చెప్పేస్తా.

ఆరెంజ్ లైట్ వెలుగుతోంది, పోర్ట్ పోయింది అని స్విచ్ మార్పించేవాళ్ళున్నారు. కంగారు పడకండి, అది లూప్ రాకుండా ఎస్టీపీ మూసి ఉంచిన బ్లాకింగ్‌లో ఉండి ఉండొచ్చు. అసలు దారి తెగినప్పుడు పనికొచ్చే స్పేర్ టైర్ అది, ముందు స్విచ్‌లో షో స్పానింగ్ ట్రీ కమాండ్ కొట్టి చూడండి.

ఎస్టీపీ రూట్ బ్రిడ్జ్‌గా, అంటే దారులన్నీ లెక్కకట్టే మొదలుగా, మంచి స్విచ్‌నే ఎన్నుకుంటుంది అనేది ఇంకోటి. ఎన్నుకోదు. మీరు ముట్టుకోకపోతే అందరి ప్రయారిటీ 32768, అప్పుడు ఎవరి మ్యాక్ అడ్రస్ (తయారీలోనే వచ్చే నంబర్) చిన్నదైతే వాడే రాజు, చాలాసార్లు అది ఎప్పుడో కొన్న ముసలి స్విచ్ అవుతుంది. ప్రయారిటీ నంబర్ తక్కువున్నదే గెలుస్తుంది, కాబట్టి అన్నిటినీ కలిపే నడిమధ్య కోర్ స్విచ్‌కి 4096, దాని జోడీకి 8192 పెట్టుకోండి. ప్రయారిటీ 4096 చొప్పునే పెరుగుతుంది, 5000 అంటే ఒప్పుకోదు.

అమీర్‌పేటలో సీసీఎన్ఏ అనే నెట్‌వర్కింగ్ కోర్సు చదివి ఇంటర్వ్యూకి వచ్చే పిల్లల్లో సగం మంది ఎస్టీపీ మినిమమ్ స్పానింగ్ ట్రీ (మొత్తం ఖర్చు అతి తక్కువయ్యేలా అందరినీ కలిపే చెట్టు) కడుతుంది, అలాంటి చెట్టు కట్టే క్రస్కల్ పద్ధతి లాంటిదే అంటారు. పేరు చూసి మోసపోతున్నారు. ఏ, బీ, సీ మూడు స్విచ్‌లు అనుకోండి, ఏ-బీ 1 గిగ్, ఏ-సీ 1 గిగ్, బీ-సీ 10 గిగ్. ఎస్టీపీ లెక్కలో లింక్ ఎంత ఫాస్టైతే కాస్ట్ అంత తక్కువ, వీటి కాస్ట్‌లు వరసగా 4, 4, 2. క్రస్కల్ అయితే 2 వదలదు, మొత్తం 6తో చెట్టు కట్టేస్తుంది. ఎస్టీపీలో ఏ రూట్ అయితే బీకి నేరుగా 4, సీకి నేరుగా 4, బీ మీదుగా సీకి వెళ్తే 6, కాబట్టి మీరు డబ్బు పోసి కొన్న ఆ 10 గిగ్ లింకే బ్లాక్! అది చూసేది రూట్ నుంచి ఒక్కొక్కరికీ దగ్గరి దారి, మొత్తం ఖర్చు కాదు. బీని రూట్ చెయ్యండి, 10 గిగ్ తెరుచుకుంటుంది. 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో దీన్ని కనిపెట్టిన రేడియా పెర్ల్‌మన్ గారు దీని మీద ఒక చిన్న కవిత కూడా రాశారు, స్విచ్‌ల మీద కవిత రాసినావిడ ముందు మనమెంత.

త్వరగా తేల్చే కొత్తరకం ఎస్టీపీ, ఆర్‌ఎస్టీపీ వచ్చింది కదా, ఇంక పోర్ట్‌ఫాస్ట్ ఎందుకు అంటారు. 2001 నాటి ఆ ఆర్‌ఎస్టీపీ (802.1డబ్ల్యూ) స్విచ్‌కీ స్విచ్‌కీ మధ్య తొందరగా తేల్చుకుంటుంది నిజమే, కానీ పీసీ ఆ మాటలకి జవాబివ్వదుగా, ఇది ఎడ్జ్ పోర్ట్ (పీసీ తగిలే పోర్ట్) అని మీరు చెప్పకపోతే చాలా స్విచ్‌ల్లో ఆ 30 సెకన్లు అలాగే ఉంటాయి.

టేబుల్ మీద పెట్టుకునే ఎనిమిది పోర్ట్‌ల చవక స్విచ్‌ల సంగతి వేరే. వాటికి ఎస్టీపీ రాదు. కొన్ని బీపీడీయూని అలాగే దాటిస్తాయి, అప్పుడు పైన గార్డ్ పట్టుకుంటుంది. కొన్ని మింగేస్తాయి, అప్పుడు మీకు స్టార్మ్ కంట్రోల్ (బ్రాడ్‌కాస్ట్‌లు హద్దు దాటితే ఆపే సెట్టింగ్) లాంటివే దిక్కు.

మొన్న ఫోన్ చేసిన తమ్ముడికి ఇదంతా చెప్పి, పట్టపగలు ఎస్టీపీ ఆన్ చెయ్యకు, ముందు కోర్ ప్రయారిటీ పెట్టి ఆదివారం రాత్రి చెయ్యి అన్నా. సోమవారం మెసేజ్: "అన్నా సూపర్, ఐపీ వెంటనే వస్తోంది. అప్‌లింక్‌లకి కూడా పోర్ట్‌ఫాస్ట్ పెట్టేయనా?"

వద్దురా నాయనా.