లెన్సుకు బూజు పట్టడం గురించి మన దగ్గర నడిచే అపోహలు, అసలు వాస్తవాలు

నల్లగొండలో కెమెరా లెన్సులు విప్పి శుభ్రం చేసే పని నాది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది లగ్గాల ఫొటోగ్రాఫర్లే, మిర్యాలగూడ, దేవరకొండ, సూర్యాపేట వైపు నుంచి, అప్పుడప్పుడు మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ నుంచి కూడా వస్తారు. లెన్సు ఇంట్లో ఎక్కడ పెడతారని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో పద్ధతి చెప్తారు, ఆ పద్ధతుల్లో కొన్ని లెన్సును కాపాడకపోగా పాడు చేస్తాయి.

“మనది కరువు జిల్లా, ఇక్కడ ఫంగస్ ఎక్కడిది?”

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. వానలు తక్కువ, నిజమే. మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, అదీ నిజమే. కానీ ఏడాదంతా కలిపి ఎంత వాన పడిందన్నది బూజుకు అవసరం లేదు. గాలిలో తేమ 70 శాతం పైన కొన్ని రోజులు వరుసగా ఉండాలి, చీకటి ఉండాలి, గాలి కదలకూడదు, తినడానికి కాస్త దుమ్మో వేలిముద్రల జిడ్డో ఉండాలి, అంతే. జులై నుంచి సెప్టెంబరు దాకా ముసురు పట్టిన వారాల్లో మన దగ్గర కూడా తేమ 70, 80 శాతం ఉంటుంది, వేడి 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది, బూజుకు ఇంతకన్నా అనుకూలమైన కాలం లేదు. సాగర్ ఎడమ కాలువ కింద పొలాల పక్కన ఇళ్లున్నవాళ్లు, గోడలు చెమ్మ పట్టే పాత ఇళ్లవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

దీనికి తోడు ఆషాఢం. ముహూర్తాలు ఉండవు కాబట్టి జ్యేష్ఠమాసం చివరి లగ్గం అయిపోగానే బ్యాగు జిప్పు వేసి బీరువాలో పెట్టి, మళ్లీ శ్రావణంలో తీస్తారు. సరిగ్గా వానలు మొదలయ్యే నెలలో లెన్సు చీకట్లో, గాలి ఆడని చోట, పోయిన లగ్గంలో అంటిన చెమట జిడ్డుతో కదలకుండా పడి ఉంటుంది. మౌఢ్యం వానాకాలంలో వస్తే ఈ ఖాళీ ఇంకా పొడుగవుతుంది. సీజన్‌లో రెండు రోజులకోసారి బయటికి తీసే లెన్సుకు వెలుతురు, గాలి తగులుతుంటాయి, దానికి బూజు పట్టడం తక్కువ. నా దగ్గరికి బూజుతో వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఇలా మూలన పడి ఉన్నవే.

“ఎండాకాలం అయితే టెన్షన్ లేదు కదా?”

గదిలో కూలర్ నడుస్తుంటే ఉంది. కూలర్ గాలిని నీళ్లలో తడిపి పంపుతుంది. కిటికీలు మూసి రాత్రంతా కూలర్ నడిపితే బయట గాలి ఎంత పొడిగా ఉన్నా గదిలో తేమ వానాకాలం లెక్కకు వస్తుంది, తెల్లారేసరికి తలుపులు బిగుసుకుపోవడం, అప్పడాలు మెత్తబడటం మీరు చూసే ఉంటారు. కూలర్ ఉన్న గదిలో లెన్సు పెట్టకండి, వేరే గది లేకపోతే గాలి చొరబడని డబ్బాలోనైనా పెట్టండి.

ఇక వేడి సంగతి. రేకుల ఇంట్లో అటక మీద, కారు డ్యాష్‌బోర్డు మీద, బైక్ డిక్కీలో లెన్సును మే నెల మధ్యాహ్నం వదిలేస్తే లోపలి గ్రీజు నుంచి నూనె వేరుపడి, వెలుతురును పెంచి తగ్గించే అపర్చర్ రేకుల మీదికి పాకుతుంది, కొంత ఆవిరై గాజు మీద పల్చని పొగమంచులా పేరుకుంటుంది. అది బూజు అనుకుని కంగారుగా తెస్తారు. బూజు కాదు గానీ విప్పాల్సిందే, ఖర్చు తప్పదు.

“బియ్యం డబ్బాలో పెడితే తేమ పీల్చేస్తుంది”

పెట్టకండి. మామూలు బియ్యంలోనే 12 నుంచి 14 శాతం దాకా నీరు ఉంటుంది, అది మీ లెన్సు చుట్టూ ఉన్న తేమను ఏం లాగుతుంది? పైగా సన్నటి పిండి, తవుడు ఫోకస్ రింగు సందుల్లోకి పోతుంది. పిండి బూజుకు మేత.

“కలరా ఉండలు వేశా, పురుగూ బూజూ రాదు”

కలరా ఉండలు బట్టల పురుగును ఆపుతాయి గానీ గాలిలో తేమను ఒక్క శాతం కూడా తగ్గించవు. ఆ ఆవిరి మూసిన బీరువాలో గాజు మీద, ప్లాస్టిక్ మీద పేరుకునే అవకాశం కూడా ఉంది. కర్పూరం వేసినా ఇంతే. పట్టుచీరలూ కలరా ఉండలూ ఉన్న అరలో లెన్సు వద్దు.

“కంపెనీ బ్యాగు, లోపల మెత్తగా ఉంటుంది, అందులోనే సేఫ్”

బ్యాగు తీసుకుపోవడానికి, దాచడానికి కాదు. లోపలి స్పాంజి, బట్ట తేమను పట్టి ఉంచుతాయి. తోలు కేసు అయితే అదే బూజుకు తిండి. ఒక లెక్క చెప్తా. 20 లీటర్ల డబ్బాలో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలి నింపితే ఆ గాలిలో ఉండే నీళ్లు అర గ్రాము మాత్రమే. తేమ పీల్చే గింజలున్నాయి చూడండి, సిలికా జెల్, అది వంద గ్రాములుంటే ఈ నీళ్లు దానికి లెక్కలోకే రావు. కానీ అదే డబ్బాలో తడి తగిలిన బ్యాగు, మెడ పట్టీ, తుడిచే బట్ట పెడితే గ్రాముల కొద్దీ నీళ్లు మీరే లోపలికి తెచ్చినట్టు. డబ్బాలో లెన్సులు, కెమెరా, సిలికా జెల్, తేమ మీటరు తప్ప ఇంకేమీ పెట్టొద్దు.

“సిలికా జెల్ వేశా కదా, ఇక చూడక్కర్లేదు”

చూడాలి, ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు. చెప్పుల డబ్బాల్లో, మందుల సీసాల్లో వచ్చే చిన్న పొట్లాలు మీ చేతికి వచ్చేసరికే తేమ పీల్చేసి ఉంటాయి, వాటిని లెన్సు పక్కన పెట్టినా ప్రయోజనం ఉండదు. రంగు మారే గింజలు కొనండి. నీలం గింజలు తేమ పడితే గులాబీ రంగుకు వస్తాయి, నారింజ గింజలు ఆకుపచ్చకు మారతాయి. నీలం రంగుకు వాడే కోబాల్ట్ క్లోరైడ్ విషం కాబట్టి నేను నారింజవే చెప్తాను, ఏదైనా పిల్లలకు అందకుండా పెట్టండి. రంగు మారాక ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర గంట, రెండు గంటలు వేడి చేస్తే మళ్లీ పనికొస్తాయి, దానికి వాడిన గిన్నెలో వంట చేయొద్దు. మే ఎండలో ఆరబెట్టినా కొంతవరకు ఆరతాయి, కానీ మనకు అవసరం పడేది ఎండ లేని ఆగస్టులో. ఆరిన గింజలను వేడి వేడిగా లెన్సుల పక్కన పెట్టకండి, మూత బిగించిన సీసాలో చల్లారనివ్వండి.

తేమ మీటరు చిన్నది, కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. చౌకవాటిలో తేడా ఉంటుంది కాబట్టి ఒకసారి పరీక్షించుకోండి. చిన్న మూతలో చెంచా ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంతవరకు నీటి చుక్కలు వేసి, మీటరుతో కలిపి గాలి పోని డబ్బాలో రాత్రంతా ఉంచితే 75 శాతం చూపించాలి. 80 చూపిస్తే ఎప్పుడు చూసినా ఐదు తగ్గించి లెక్కేసుకోవాలి. లెన్సుల డబ్బాలో 40 నుంచి 50 మధ్య ఉంటే చాలు. ఎంత పొడిగా ఉంటే అంత మంచిదని ఇరవైకి దింపొద్దు, రబ్బరు, గ్రీజు ఎండిపోవచ్చు.

“డ్రై క్యాబినెట్ (కరెంటుతో తేమను అదుపులో ఉంచే బీరువా) కొనలేనివాళ్లు ఏం చేస్తారు?”

చుట్టూ రబ్బరు వాషర్ ఉన్న మూత డబ్బా, సిలికా జెల్, మీటరు. రెండు మూడు లెన్సులకు ఇది చాలు. లక్షల విలువ చేసే సామాను ఉంటే క్యాబినెట్ కొనండి, రోజూ పట్టించుకునే పని తగ్గుతుంది. కాసేపు కరెంటు పోయినా తలుపు తీయకపోతే లోపల తేమ వెంటనే పెరగదు.

“బూజు పడితే ఎండలో పెడితే చచ్చిపోతుంది”

గాజు పైన ఉన్నది కొంత చావొచ్చు. లోపలి గాజుల దాకా పోయేసరికి ఎండలోని యూవీ చాలావరకు ఆగిపోతుంది. చచ్చిన బూజు కూడా అక్కడే ఉంటుంది, అది వదిలిన ఆమ్లం గాజు మీది సన్నటి పూతను, అంటే కోటింగును, తిన్న చోట మచ్చ పోదు. అన్నిటికన్నా ముఖ్యం, మూత తీసిన లెన్సు ఎండను ఒక్క చోట కేంద్రీకరిస్తుంది, వెనకాల బట్టో కాగితమో ఉంటే అంటుకుంటుంది. కిటికీ దగ్గర కూడా మూత లేకుండా వదలొద్దు.

“బూజు ఉన్న లెన్సు పక్కనుంటే మిగతావాటికీ అంటుకుంటుంది” అని కూడా అంటారు. బూజు గింజలు మనం పీల్చే గాలిలోనే ఉంటాయి, అవి లేని ఇల్లు లేదు. తేమ అదుపులో ఉంటే మొలవవు. అయినా వేరుగా పెట్టడానికి ఖర్చేమీ లేదు కాబట్టి వేరుగానే పెట్టండి. ముందు యూవీ ఫిల్టర్ గాజు పెడితే, వాన, దుమ్ము పోకుండా కంపెనీ వేసే వెదర్ సీలింగ్ ఉంటే బూజు రాదన్నది కూడా నిజం కాదు. జూమ్ తిప్పిన ప్రతిసారీ లెన్సు గాలి పీలుస్తుంది, వదులుతుంది.

బూజు పడిందో లేదో నెలకోసారి ఇంట్లోనే చూసుకోవచ్చు. గదిలో లైటు ఆర్పి, రెండు మూతలూ తీసి, అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చ్ కాస్త ఏటవాలుగా కొట్టి ముందు నుంచి చూడండి. సన్నటి దారాలు, సాలెగూడు లాంటి గీతలు అంచుల నుంచి లోపలికి పాకుతుంటే అది బూజు. చుక్కల్లా కనిపించేది ఎక్కువసార్లు దుమ్మే, నాలుగు దుమ్ము రేణువులకు ఫొటోలో తేడా రాదు, వాటి కోసం విప్పించకండి. దారాలు కనిపిస్తే మాత్రం వచ్చే సీజన్ దాకా ఆగొద్దు, కోటింగును తినకముందే తెస్తే చాలావరకు శుభ్రంగా పోతుంది.

వానలో లగ్గం చేసి వచ్చిన రాత్రి ఎంత అలసటగా ఉన్నా బ్యాగు మూసి పడుకోకండి. పసుపు, తలంబ్రాల పొడి బ్లోయర్‌తో (గాలి ఊదే రబ్బరు బుడ్డితో) ఊది, లెన్సు బయటి గొట్టం మీద చెమట పొడి బట్టతో తుడిచి, కూలర్ లేని గదిలో ఫ్యాను కింద కాసేపు వదిలేయండి. తడిగా ఉండగా వెనక మూత బిగించొద్దు. పూర్తిగా ఆరాకే డబ్బాలో పెట్టండి, బ్యాగును జిప్పులన్నీ తెరిచి విడిగా ఆరేయండి.